మగ్గం మీద పన్ను, ఉప్పు మీద పన్ను

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘంవారు కోరినప్పుడు, మనవారు ఈ ప్రాంతాలకు ఏ రాయలవారి కాలంలో వచ్చారు, ఏ నాయకరాజు ఏ అగ్రహారం ఇచ్చాడు అన్న సంగతులే మాకూ మొదట తోచాయి. కాని ఆ సంగతులు ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. వచ్చి స్థిరపడిన మన తాతముత్తాతలు సర్కారుకు ఏమి చెల్లించేవారు, అందులో ఉన్నవాడెంత, లేనివాడెంత అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసినట్లు కనబడదు. పన్నుల బరువు ధనికులకూ పేదలకూ న్యాయంగా పంచబడుతున్నదా అని ఈనాడు ప్రతి బడ్జెటు మరునాడూ వాదోపవాదాలు సాగుతున్నాయి. ఆ వాదం నిన్న మొన్నటిది కాదు. దానిలో ఒక ప్రాత అధ్యాయం అచ్చంగా మనవారిదే.

ఈ సంచిక చేరే ఊళ్లను తలచుకోండి. మేముండే సేలం 1792లో టిప్పు సుల్తానునుండి కుంపిణీవారి చేతికి వచ్చింది. బళ్లారి 1800లో నైజాంనుండి వచ్చింది. బరంపురం ఉన్న గంజాం జిల్లా అంతకు ముందే సర్కారు జిల్లాలతోపాటు వచ్చింది. ఈ మూడూ చెన్నపట్నం రాజధానిలోనివే. గంజాం 1936లో ఒరిస్సాకు, బళ్లారి 1953లో మైసూరుకు చేరాయి. ఈనాడు మనం మూడు రాష్ట్రాల వాళ్లం, మూడు లిపులలో రశీదులు పుచ్చుకుంటున్నాం. ఆనాడు మాత్రం మనందరి పన్నూ ఒకే ఖాతాలో జమ అయ్యేది.

ఆ ఖాతాలో ఒక పద్దు పేరు మొతర్ఫా. చేతిపనివాడు అని అర్థమిచ్చే అరబ్బీ మాటనుండి వచ్చిన పేరు ఇది. తురకల ప్రభుత్వాల కాలంలో పుట్టిన ఈ పన్నును కుంపిణీవారు తీసివేయక, తమ లెక్కల్లోకి ఎక్కించుకున్నారు. సాలెవాడికి మగ్గానికింత. వడ్రంగికి, కంసాలికి, కమ్మరికి తమ తమ పనికింత. దుకాణం పెట్టినవాడికేకాక, వీథి ప్రక్కన గోనె పరచుకొని నాలుగు వస్తువులు అమ్ముకునేవాడికి కూడ ఇంత అని కట్టేవారు. భూమి లేని పనివాడు భూమి శిస్తు తప్పించుకుంటున్నాడు గనుక వాడివద్ద ఈ రూపంగా వసూలు చేయడం సబబే అని దీనికి సమాధానం చెప్పేవారు. వినడానికి ఈ మాట బాగానే ఉంటుంది.

కాని పన్ను పడినది పనివాడి రాబడిమీద కాదు, పనిముట్టుమీద. ఈ తేడాను కొంచెం నిలిచి చూడాలి. మగ్గానికింత అని కట్టినప్పుడు, ఆ మగ్గంమీద నేసిన చీర అమ్ముడుపోయిందా, నూలు ధర పెరిగిందా, ఇంట్లో జబ్బుచేసి నెలరోజులు పలుగు ఆడలేదా అన్న ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు. సీమనుండి మరనూలు బట్ట వచ్చి పడిన తరువాత నేతగాడి రాబడి తరిగింది, మగ్గం మాత్రం ఇంట్లోనే ఉన్నది. ఇక వాడికి నూలుకు బయానా ఇచ్చి, నేసిన బట్ట తీసుకుపోయే షావుకారు సంగతి చూడండి. లాభం ఆయనది, మగ్గం వాడిది. మగ్గం లేని ఇంటికి మగ్గంపన్ను ఎక్కడిది?

షావుకార్లమీద పన్ను లేదని కాదు. తెనుగు జిల్లాల్లో, దత్తమండలాల్లో, మొతర్ఫాతో జంటగా వీసబడి అనే పద్దు కనబడుతుంది. వీసం అంటే పదహారవ వంతు. ఊరి వర్తకులమీద ఒక మొత్తం నిర్ణయించేవారు. దానిని వారిలో వారు వీసాల లెక్కన పంచుకునేవారు. ఎవరి వ్యాపారం ఎంతో సాటి వర్తకులకు తెలిసినట్లు సర్కారు గుమాస్తాకు తెలియదు గనుక ఇది మంచి పద్ధతే అని మేము ఒప్పుకుంటాము. అయితే పంపకం కూర్చునే చావడిలో పెద్ద షావుకారు మాటకూ చిల్లరకొట్టువాడి మాటకూ ఒకే తూకం ఉంటుందని నమ్మేటంత అమాయకులం కాము. మన సంఘాల చందా పట్టీలు చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

జమీందార్ల సంగతి వేరు. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత పైసలా జరిగింది. జమీందారు కట్టవలసిన పేష్కష్ ఆనాడు నిర్ణయమైనది మొదలు, 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చేవరకు స్థిరంగా ఉన్నది. కొత్త భూములు సాగులోకి వచ్చినా, ధాన్యం ధర పెరిగినా ఆ మిగులు ఆయనదే. రైతువారీ రైతుకు, మగ్గంవాడికి ఇటువంటి శాశ్వతపు మాట ఎవరూ ఇవ్వలేదు.

ఈ స్థితిని ఇంగ్లండు పార్లమెంటు దాకా తీసుకుపోయినవాడు చెన్నపట్నంలో స్థిరపడిన తెనుగు కుటుంబంవాడు కావడం మనకు గర్వకారణం. గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు 1806లో జన్మించారు. తండ్రినుండి వచ్చిన నీలిమందు, బట్టల వర్తకం చేశారు. 1844లో క్రెసెంట్ అనే పత్రిక పెట్టారు. 1852లో చెన్నపట్నం స్వదేశ సంఘాన్ని స్థాపించి, ఆ ఏటనే పార్లమెంటుకు ఒక పెద్ద మహజరు పంపించారు. కుంపిణీ పట్టా మరల పొడిగించే తరుణం అది. భూమిశిస్తు, ఉప్పు గుత్తాధికారం, మొతర్ఫా అన్నీ ఆ మహజరులో ఉన్నాయి. మొతర్ఫా ధనికునికంటె దరిద్రునిమీద ఎక్కువ బరువుగా పడుతున్నదనీ, పనివాడి పనిముట్టు ఖరీదుకు ఆరింతల పన్ను కట్టవలసిన సందర్భాలు తరచు ఉన్నాయనీ, వసూలు పేరుతో ఉద్యోగులు ఇళ్లలో జొరబడి సతాయిస్తున్నారనీ అందులో మొరపెట్టుకున్నారు. బొంబాయి రాజధానిలో ఈ పన్ను 1844లోనే పోయింది. చెన్నపట్నంలో మాత్రం ఉండిపోయింది.

ఇక్కడ మాకొక సంగతి ముచ్చట గొల్పుతుంది. లక్ష్మీనరసు చెట్టిగారు మగ్గం నేసినవారు కారు, వీథిలో గోనె పరచినవారు కారు. పెద్ద వర్తకులు. ఆయన తన అర్జీలో తన వర్గం బాధలు మాత్రమే వ్రాసుకొని ఊరుకొని ఉండవచ్చును. అలా ఊరుకోలేదు.

ఆయన అంతటితో ఆగలేదు. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు చెన్నపట్నం వచ్చినప్పుడు, ఆయనను జిల్లాలకు తీసుకువెళ్లి శిస్తు బాకీలకు రైతులను ఎట్లా హింసిస్తున్నారో చూపించారు. దాని ఫలితంగా హింసల విచారణ సంఘం ఏర్పడి 1855లో నివేదిక ఇచ్చింది. కర్రల మధ్య వ్రేళ్లు పెట్టి నొక్కే సాధనానికి తెనుగు జిల్లాల్లో చీరట అనీ, అరవ జిల్లాల్లో కిట్టి అనీ పేరని అందులో వ్రాసి ఉన్నది. అటువంటి మాట మన నిఘంటువులో ఉండవలసి రావడమే సిగ్గుచేటు. ఆ చీరటను చేతపట్టినవారు దొరలు కారు, మన దేశపు చిన్న ఉద్యోగులేనని కూడ నివేదిక చెబుతున్నది. జమీందారు వ్రేళ్లు ఎన్నడైనా చీరటలో పడ్డాయా అని అడగవలసిన పని లేదు.

ఇక ఉప్పు.

1805లో కుంపిణీవారు చెన్నపట్నం రాజధానిలో ఉప్పును తమ గుత్తాధికారం క్రిందికి తెచ్చుకున్నారు. కొఠారులో ఉప్పు గరిసెకు 70 రూపాయలు. గరిసె అంటే 120 మణుగులు. ఇది మన చెన్నపట్నం చిన్న మణుగు కాదు, 82 పౌన్లకు పైబడిన పెద్ద మణుగు అని గుర్తుంచుకోవాలి. ఈ ధర పెరిగింది, తగ్గింది, మరల పెరిగింది. 1844లో జరిగినది మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఊరికీ ఊరికీ మధ్య సుంకపు ఠాణాల్లో వసూలు చేసే సాయరు సుంకాలను ఆ ఏడు ఎత్తివేశారు. అది మంచి పనే. బట్టల మూట మోసుకొని సంతకు పోయే నేతగాడికి కూడ మేలు జరిగింది. కాని ఆ సుంకాల నష్టం పూడ్చుకోవడానికి ఉప్పు ధరను గరిసెకు 180 రూపాయలకు పెంచారు. గోల బయలుదేరగా అదే సంవత్సరంలో 120కి దించారు. మణుగుకు రూపాయి అన్నమాట. దేశంలో సరుకులు త్రిప్పే పెద్ద వర్తకునికి వేలల్లో కలిసివచ్చింది. దానిని గంజిలో ఉప్పు వేసుకునేవారందరూ కలిసి కట్టారు. పన్ను పోలేదు. ఒకరి భుజంమీదనుండి ఇంకొకరి భుజంమీదికి మారింది. మారినట్లు తెలియకుండా మారింది, ఎందుకంటే సుంకపు ఠాణా కంటికి కనబడుతుంది, ఉప్పు ధరలో కలిసిపోయిన పన్ను కనబడదు.

యానాంలోని సోదరులు మాది ఫ్రెంచి జెండా, మాకు ఈ బాధ లేదు అని అనుకోవడానికి వీలులేదు. 1815లో ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ లండనులో ఒక ఒడంబడిక చేసుకున్నారు. ఫ్రెంచి స్థావరాల ఉప్పును కొనే సర్వహక్కు ఇంగ్లీషువారిది. బదులుగా ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి చెల్లించాలి. 1818 ఒడంబడికతో అక్కడ ఉప్పు చేయడమే ఆగిపోయింది. జెండా ఏ రంగుదైనా ఉప్పుకు సరిహద్దు ఒక్కటే అయింది. ఇక బళ్లారివైపు చవుడు మట్టినుండి ఉప్పు తీసి బ్రతికే ఉప్పరుల వృత్తి కూడ ఈ గుత్తాధికారం చేతనే నశించింది. పేరులో ఉప్పు మిగిలింది, చేతికి పలుగూ పారా వచ్చాయి.

ధనికులమీద నేరుగా పన్ను అన్న మాట మొదటిసారి వినబడినది 1860లో. సిపాయీల తిరుగుబాటు తరువాత ఖజానా ఖాళీ అయింది. జేమ్సు విల్సను అనే ఆర్థికవేత్త సీమనుండి వచ్చి ఆదాయపు పన్ను ప్రవేశపెట్టారు. సాలుకు 200 రూపాయల లోపు రాబడి ఉన్నవారికి పన్ను లేదు. 200నుండి 500 దాకా నూటికి రెండు, ఆపైన నూటికి నాలుగు. ఉద్యోగుల జీతాలు, వర్తకుల లాభాలు, జమీందార్ల భూమి ఆదాయం అన్నీ దాని క్రిందికి వచ్చాయి. దేశమంతటా అలజడి పుట్టింది. చెన్నపట్నం గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్ దీనిని బహిరంగంగా వ్యతిరేకించి, తన అభిప్రాయపత్రాన్ని పత్రికల్లో ప్రకటించారు. క్రొత్త పన్నులు వద్దు, సైన్యపు ఖర్చు తగ్గించండి అని ఆయన వాదం. పై ప్రభుత్వానికి ఎదురు తిరిగినందుకు ఆయనను వెనుకకు పిలిపించారు. విల్సను అదే ఏడు ఆగస్టులో కలకత్తాలో జబ్బుచేసి మరణించారు.

ట్రెవెల్యనును చెన్నపట్నం ప్రజలు ప్రేమించారు. ఖర్చు తగ్గించమన్న మాటలో న్యాయం ఉన్నదని మేమూ ఒప్పుకుంటాము. కాని మిగిలిన సగం మాకు మింగుడుపడదు. మొతర్ఫా దశాబ్దాల తరబడి సాలెవాడిని పిండినప్పుడు లేని అలజడి, 500 రూపాయల రాబడిగలవానిని నూటికి నాలుగు అడగగానే ఎక్కడనుండి వచ్చింది? పత్రికలు ఉన్నవారు, సభలు జరుపగలవారు, ఇంగ్లీషులో అర్జీ వ్రాయగలవారు మొదటిసారి ఆ పన్నులో చిక్కుకున్నారు. తమ బాధను బీదల బాధగా చెప్పుకోవడం వారికి చేతనైన విద్య. ఆదాయపు పన్ను వచ్చిన తరువాత కొద్దికాలంలోనే మొతర్ఫా పోయిందన్న సంగతిని మాత్రం వారు గట్టిగా చెప్పలేదు. 1865లో ఆదాయపు పన్ను గడువు తీరిపోయినప్పుడు కలకత్తాలో ఆర్థికసభ్యుడుగా ఉన్నది మరల వచ్చిన ఆ ట్రెవెల్యనే. 1869లో ఆ పన్ను తిరిగి వచ్చింది, 1873లో మరల పోయింది. ఇది ఇలా వస్తూ పోతూ ఉండగా, ఉప్పు పన్ను మాత్రం 1859 తరువాత పదేళ్లలో మణుగుకు రూపాయినుండి ఒక రూపాయి పదమూడణాలకు ఎక్కింది. వెనుకకు రాలేదు.

తరువాత ధాత కరువు వచ్చింది. ధాత, ఈశ్వర సంవత్సరాలు, అంటే 1876నుండి 1878 వరకు. బళ్లారి, కర్నూలు, కడప, సేలం జిల్లాల్లో జనం లక్షలుగా నశించారు. ఉగాదినాడు పంచాంగం చెప్పేటప్పుడు ఆ రెండు పేర్లు వచ్చే వంతు పడితే, ఈనాటికీ కొన్ని ఇళ్లలో పెద్దలు ఒక క్షణం ఊరుకుంటారు. ఆ కరువు ఇంకా పూర్తిగా తీరకముందే, 1877 డిసెంబరులో, చెన్నపట్నం రాజధానిలో ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పదమూడణాలనుండి రెండున్నర రూపాయలకు పెంచారు. వివిధ రాజధానుల్లో ఉప్పు పన్నులు సమానం చేయాలన్నది ఒక కారణం. వేరే రాజధానిలో కొంత తగ్గింది, మనకు పెరిగింది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. మనిషికి ఏడాదికి 12 పౌన్ల ఉప్పు అనుకోండి. అయిదుగురున్న ఇంటికి 60 పౌన్లు. దానిమీద పన్ను సుమారు రూపాయి పదమూడణాలు. నెలకు నాలుగు రూపాయలు తెచ్చుకునే కూలివాడుంటే, వాడు ఏడాదిలో దాదాపు సగంనెల ఉప్పు పన్నుకే పనిచేసినట్లు. నెలకు 400 రూపాయల జీతంగల ఉద్యోగి ఇంట్లోనూ అయిదుగురే అనుకుంటే, ఆయన కట్టినదీ అంతే. అది ఆయన ఒక నెల జీతంలో రెండువందల వంతు కూడ కాదు. మనిషికి ఉప్పు కావలసినంతే కావాలి, సంపదను బట్టి ఎక్కువ తినడు. అందుచేతనే దొరలు దీనిని బీదలు సైతం చెల్లించగల పన్ను అన్నారు. అవును, చెల్లించారు.

కరువు ఖర్చులకని 1878లో లైసెన్సు పన్ను కూడ వేశారు. అది పడినది వర్తకులమీద, చేతిపనివారిమీద. పెద్ద జీతాల ఉద్యోగులు, వకీళ్లు, భూస్వాములు దానిలో లేరు. ఉద్యోగులూ వకీళ్లూ 1886 ఆదాయపు పన్ను చట్టంతో పట్టుబడ్డారు. భూస్వాములు అప్పుడూ తప్పుకున్నారు. వ్యవసాయపు ఆదాయానికి ఆ చట్టంలో ఇచ్చిన మినహాయింపు కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్నులో నేటికీ ఉన్నది. అరెకరం రైతుకు అది అక్కరలేదు, వాడికి పన్ను కట్టేటంత రాబడే లేదు. వందల ఎకరాలవాడికే అది వరం.

ఉప్పు కథ తరువాతిది మీలో చాలామందికి తెలిసినదే, త్వరగా చెప్పుకుందాము. 1902లో గోఖలేగారు శాసనసభలో బడ్జెటుమీద మాట్లాడుతూ, ఖజానాలో మిగులు చూపించి, ఆ మిగులు బీదలనుండి పిండినది గనుక ఉప్పు పన్ను తగ్గించమన్నారు. 1903లో రెండు రూపాయలు, 1905లో రూపాయిన్నర, 1907లో రూపాయి అయింది. తగ్గినకొద్దీ దేశంలో ఉప్పు వాడకం పెరిగింది. అంతకుముందు బీదవాడి కుండలో ఉప్పు సైతం చాలలేదన్నదానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. 1923లో శాసనసభ వద్దన్నా రాజప్రతినిధి రీడింగు ప్రభువు తన ప్రత్యేకాధికారంతో మరల రెండున్నర చేశారు. మరుసటి ఏడు రూపాయింబాతికకు దిగింది. 1930లో చెన్నపట్నం సముద్రతీరాన ప్రకాశం పంతులుగారు, దుర్గాబాయిగారు ఉప్పు చేశారు. 1947లో ఆ పన్ను రద్దయింది.

ధనికులపన్నులకు కూడ ఒక వెలుగు కాలం ఉండేది. చనిపోయినవారి ఆస్తిమీద 1953లో ఎస్టేటు డ్యూటీ, 1957లో సంపద పన్ను వచ్చాయి. సంపద పన్ను తెచ్చిన ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు చెన్నపట్నంవారే. ఎస్టేటు డ్యూటీ 1985లో, సంపద పన్ను 2015లో పోయాయి. వసూలైన సొమ్ముకంటె వసూలు తిప్పలే ఎక్కువ అన్నారు. ఉప్పు పన్నుకు ఆ తిప్పలు ఎన్నడూ లేవు. 2019లో కంపెనీల ఆదాయపు పన్ను ముప్పైనుండి ఇరవైరెండుకు దిగింది. 1939లో చెన్నపట్నంలో రాజాజీ మంత్రివర్గం ప్రారంభించిన అమ్మకపు పన్ను మాత్రం ఊరూరా పాకి, 2017నుండి వస్తుసేవల పన్ను అన్న పేరుతో దేశమంతా ఒక్కటైంది. దానిలో ఉప్పుమీద పన్ను లేదు, అంతవరకు సంతోషమే. నేతగాడు కొనే నూలుమీద నూటికి అయిదు ఉన్నది. పన్నులు కట్టేది మేమే, తక్కినవారంతా ఊరికే తింటున్నారు అని మన పెద్ద ఉద్యోగుల పిల్లలు పండుగ విందులో అనగా మేము వినియున్నాము. ఆ విందులో వడ్డించిన వాడు ఆనాటి ఉదయం సబ్బుబిళ్లకు, కాళ్ల చెప్పులకు ఎంత పన్ను కట్టాడో వారు అడిగినట్లు లేదు.

చివరకు ఒక మనవి. దేవాంగుల ఇళ్లలో, పద్మశాలీల ఇళ్లలో, షోలాపురం, బరంపురం, బళ్లారి, ఎక్కడైనా సరే, అటకలమీద తాటాకు కట్టలతోపాటు ప్రాత రశీదులు ఉండవచ్చును. మగ్గానికి ఇంత చెల్లు అని వ్రాసిన ముక్క ఒక్కటి దొరికినా పారవేయక సంఘం కార్యాలయానికి చూపించండి. నకలు వ్రాసుకొని మీది మీకు భద్రంగా తిరిగి ఇస్తాము. వచ్చే ఉగాదికి మేము వ్రాయదలచినది ఆ రశీదులను బట్టే.